కీటకాల అవయవాల మైక్రోస్కోప్ ఫొటోలు గోడకు: 24 అంగుళాల ప్రింటులో ఎక్కడ తేడా కొడుతుంది?

రెక్కలగూడు:
అందరికీ నమస్కారం. తేనెటీగ వెనక కాలు, ఈగ తొండం, సీతాకోకచిలుక రెక్క పొలుసులు, పెంకుపురుగు తల, తూనీగ కన్ను... ఇలా తొమ్మిది బొమ్మల్ని ఒకే సెట్టుగా ఫ్రేము కట్టించాలని ఆలోచన. ఒక్కోటి 24 అంగుళాల వెడల్పు. ఫుల్ ఫ్రేమ్ 24 మెగాపిక్సెల్ కెమెరా, 10ఎక్స్ 0.25 ఆబ్జెక్టివ్ (మైక్రోస్కోపు లెన్సు), కెమెరాని కొద్దికొద్దిగా జరిపే మోటారు రైలు ఉన్నాయి. ఫొటోలు స్క్రీన్ మీద పదునుగానే ఉన్నాయి. నమూనా ప్రింటులో మాత్రం నల్ల నేపథ్యంలో మీసాలు కలిసిపోతున్నాయి, నేపథ్యంలో సన్నటి గీతలు తేలుతున్నాయి, పెంకు మీద తెల్ల మచ్చలు అరుస్తున్నాయి. 20ఎక్స్‌కి మారితే వివరం పెరుగుతుందా? ముందుకి అద్దం మేలా, అక్రిలిక్ మేలా?

మైక్రాన్‌మనిషి:
20ఎక్స్ సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ అక్కడే పొరబడతారు. ప్రింటు ఎంత పెద్దగా నిలబడుతుందన్నది మాగ్నిఫికేషన్ తేల్చదు. న్యూమరికల్ అపెర్చర్‌ని (ఎన్ఏ, అంటే ఆబ్జెక్టివ్ ఎంత వెడల్పు కోణం నుంచి వెలుగుని పట్టుకుంటుందో చెప్పే అంకె, మీ దాని మీద 0.25) మాగ్నిఫికేషన్‌తో భాగిస్తే వచ్చే అంకె తేలుస్తుంది.

లెక్క చూడండి. ఆకుపచ్చ వెలుగు తరంగదైర్ఘ్యం 0.55 మైక్రాన్లు (మైక్రాను అంటే మి.మీ.లో వెయ్యో వంతు). విడదీయగల కనీస దూరం 0.61 ఇంటూ 0.55 బై ఎన్ఏ. మీ 0.25కి అది సుమారు 1.3 మైక్రాన్లు. ఫుల్ ఫ్రేమ్ మీద 10ఎక్స్‌లో పడేది 3.6 మి.మీ. వెడల్పు. అంటే అడ్డంగా దాదాపు 2,700 వివరాలు, ఒక్కోదానికి రెండు పిక్సెళ్ల చొప్పున 5,400 పిక్సెళ్లు. 300 పీపీఐలో (అంగుళానికి 300 పిక్సెళ్లు) 18 అంగుళాలు, 225 పీపీఐలో 24 అంగుళాలు. మీ సెన్సరు 6,000 పిక్సెళ్లు ఇస్తుంది కాబట్టి సెన్సరూ ఆబ్జెక్టివూ సరిగ్గా జోడీ కుదిరాయి. 24 అంగుళాలకి ఢోకా లేదు.

ఇప్పుడు 20ఎక్స్ 0.40 తీసుకోండి. 1.8 మి.మీ. వెడల్పులో 0.84 మైక్రాన్ల వివరం. లెక్కేస్తే 4,300 పిక్సెళ్లే. 300 పీపీఐలో 14 అంగుళాలు. పురుగు మీద ఇంకా చిన్న వివరం పట్టుకుంటుంది, నిజమే, కానీ గోడ మీద అదే సైజు ప్రింటు 10ఎక్స్ కన్నా మెత్తగా కనిపిస్తుంది. 4ఎక్స్ 0.10 అయితే మీ 10ఎక్స్‌తో సమానం, రెండిటి నిష్పత్తీ 0.025. పొడుగు పనిదూరం ఉన్న 5ఎక్స్ 0.14 రకాలు ఇంకాస్త మెరుగు, 6,000 పిక్సెళ్ల దాకా నింపుతాయి.

కాబట్టి 20ఎక్స్ ఒక్క పొలుసుల బొమ్మకే అవసరం. మిగతా వాటికి 4, 5, 10 చాలు.

నల్లతుమ్మెద:
మైక్రాన్‌మనిషి గారి లెక్కకి వంక పెట్టను గానీ, గోడ మీద బొమ్మని చెడగొట్టేది నూటికి తొంభైసార్లు ఆప్టిక్స్ కాదు, మురికి. ఫోన్ స్క్రీన్‌లో కనబడని దుమ్ము రేణువు 150 రెట్లు పెరిగి ప్రింటులో కందిగింజంత అవుతుంది. కీటకం ఎంపిక, శుభ్రత, ఆరబెట్టడం... సగం పని షట్టర్ నొక్కక ముందే అయిపోవాలి.

కిటికీ గట్ల మీద, దీపాల కింద దొరికే చచ్చిన పురుగులు చాలు, బతికినవాటిని చంపనక్కర్లేదు. కాకపోతే తాజావి ఏరుకోండి. ఈగలకీ దోమలకీ ఒకట్రెండు రోజుల్లోనే కళ్లు లోపలికి కుంగిపోతాయి, వాటిని మళ్లీ ఉబ్బించడం కుదరదు. దొరికిన వెంటనే మూత బిగుతుగా ఉన్న చిన్న డబ్బాలో వేసి ఫ్రీజరులో పెట్టండి. బయటికి తీశాక డబ్బా గది వేడికి వచ్చేదాకా మూత తీయొద్దు, తీస్తే గాలిలో తేమ పురుగు మీద బిందువులు కడుతుంది.

కడగడం: గోరువెచ్చని నీళ్లలో ఒకట్రెండు చుక్కల గిన్నెలు తోమే ద్రవం, అందులో పది నిమిషాలు నాననిచ్చి సన్నటి కుంచెతో వెంట్రుకల వాలు వెంబడే నెమ్మదిగా. తర్వాత మంచినీళ్లు రెండుసార్లు, ఆఖరుకి 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. పెంకుపురుగులకి జిడ్డు ఊరుతుంటే కొన్ని గంటలు అసిటోనులో. అల్ట్రాసోనిక్ స్నానం గట్టి పెంకులకి బాగా పనిచేస్తుంది, అర నిమిషం చొప్పున. ఈగలకీ సీతాకోకచిలుకలకీ మాత్రం వద్దు, కాళ్లూ పొలుసులూ రాలిపోతాయి.

తేనెటీగలో ఒక చిక్కుంది. తడిస్తే ఒంటి మీది నూగంతా అట్టలు కడుతుంది. ఆల్కహాల్‌లోంచి తీసి టిష్యూ మీద ఒత్తి, చల్లగాలి బ్లోయరుతో అర అడుగు దూరం నుంచి ఊదుతూ కుంచెతో లేపాలి. అప్పుడే వెంట్రుకలు కొమ్మలు వేసినట్టు విడివిడిగా కనిపిస్తాయి. ఆ కొమ్మల వెంట్రుకలే బొమ్మకి ప్రాణం, పుప్పొడి చిక్కుకునేది వాటిలోనే.

రెక్కలగూడు:
ఎండిపోయి గట్టిపడ్డ పెంకుపురుగు ఉంది. కాళ్లు ముడుచుకుపోయాయి. దాన్ని సర్దాలంటే?

నల్లతుమ్మెద:
మూత ఉన్న డబ్బా అడుగున తడి స్పాంజి, దాని మీద జల్లెడ, జల్లెడ మీద పురుగు. బూజు పట్టకుండా పక్కన చిటికెడు థైమాల్, అదే వాముపువ్వు. చిన్నవాటికి ఒక రోజు, పెద్ద పెంకులకి రెండు మూడు రోజులు. కీళ్లు తేలిగ్గా కదిలినప్పుడు తీసి, థర్మోకోల్ మీద సూదులు అడ్డం పెట్టి కావలసిన భంగిమలో ఆరనివ్వాలి.

ఇక్కడ తొందరపడితే స్టాక్ (ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ తీసి ఒకే బొమ్మగా కలిపే ఫ్రేముల వరస) మొత్తం పోతుంది. పైకి ఆరినట్టు కనిపించినా కీళ్లలో తేమ ఉంటుంది. రెండు మూడు వందల ఫ్రేములు తీసేలోగా, దీపాల వేడికి మీసం పది ఇరవై మైక్రాన్లు కదులుతుంది. మీసం రెండుగా వచ్చిందంటే కారణం అదే, సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకోవద్దు. కనీసం మూడు నాలుగు రోజులు పూర్తిగా ఎండనివ్వండి.

తూనీగ కన్ను గురించి కూడా చెప్పేస్తాను. చచ్చాక దాని రంగు నిలవదు, గోధుమరంగులోకి దిగిపోతుంది. రంగు కావాలంటే మొదటి గంటల్లోనే తీయాలి. జోరీగల కళ్ల మీది రంగు పట్టీలూ అంతే, ఆరాక మాయమవుతాయి, తడి డబ్బాలో ఉంచితే కొంత తిరిగొస్తాయి. నిర్మాణం వల్ల పుట్టిన రంగుల సంగతి వేరు. మోర్ఫో సీతాకోకచిలుక నీలం దశాబ్దాలు గడిచినా అలాగే ఉంటుంది, అది వర్ణకం కాదు కదా. ఆల్కహాల్ తగిలితే ఆ నీలం ఆకుపచ్చగా మారుతుంది. భయపడొద్దు, పొలుసుల మధ్య గాలి ఉండాల్సిన చోట ద్రవం చేరి వక్రీభవనం మారడం వల్ల అలా అవుతుంది, ఆరగానే మళ్లీ నీలమే.

మైక్రాన్‌మనిషి:
స్టాకింగ్ అంకెలు. ఒక్కో ఫ్రేములో పదునుగా ఉండే మందం సుమారు తరంగదైర్ఘ్యం బై ఎన్ఏ వర్గం. 0.10కి 55 మైక్రాన్లు, 0.25కి 8.8, 0.40కి 3.4. అడుగు దూరం అందులో మూడింట రెండొంతులు పెట్టుకోండి: 4ఎక్స్‌కి 35 నుంచి 40, 10ఎక్స్‌కి 6, 20ఎక్స్‌కి 2 లేదా 2.5 మైక్రాన్లు. ఒకటిన్నర మి.మీ. లోతున్న తలకి 10ఎక్స్‌లో 250 ఫ్రేములు. అడుగు ఎక్కువైతే స్టాక్‌లో ఒకదాని తర్వాత ఒకటి పదును, మసక పట్టీలు కనిపిస్తాయి, గుండ్రటి కంటి మీద బాగా తెలుస్తుంది. మొదట్లో, చివర్లో పదేసి ఫ్రేములు అదనంగా తీయండి.

ఆబ్జెక్టివ్ మీద ఏం రాసుందో చూడండి. 160 అని ఉంటే ఆబ్జెక్టివ్ భుజం నుంచి సెన్సరుకి సుమారు 150 మి.మీ. దూరం, మధ్యలో గొట్టం మాత్రమే. అనంతం గుర్తు ఉంటే ట్యూబ్ లెన్స్ (బొమ్మని సెన్సరు మీద నిలిపే రెండో లెన్సు) తప్పనిసరి. నికాన్, మిటుటోయో రకాలకి 200 మి.మీ., ఒలింపస్‌కి 180. అనంతానికి ఫోకస్ చేసిన 200 మి.మీ. టెలిఫొటో లెన్సుతో పని జరుగుతుంది. పక్కనే 0.17 అని ఉంటే కవర్‌స్లిప్ (స్లైడు మీద కప్పే పలచటి గాజు బిళ్ల) కింద చూడ్డానికి చేసినదని అర్థం. 0.25 దాకా కవర్‌స్లిప్ లేకున్నా తేడా తెలియదు. 0.40లో మాత్రం పదును పోతుంది, అక్కడ సున్నా లేదా గీత రాసున్నది వాడాలి.

కదలిక: 10ఎక్స్‌లో పురుగు ఒక మైక్రాను ఊగితే సెన్సరు మీద పది మైక్రాన్లు, అంటే మీ కెమెరాలో ఒకటిన్నర పిక్సెల్ పైనే. ఫ్రిజ్ ఉన్న గోడ, చెక్క నేల, ఫ్యాను... అన్నీ శత్రువులే. ఫ్లాష్ వాడితే చాలావరకు తప్పించుకోవచ్చు, తక్కువ పవరులో మెరుపు వ్యవధి అంత పొట్టిది. ఎల్ఈడీ వాడితే రైలు కదిలాక రెండు మూడు సెకన్లు ఆగి, షట్టరు కుదుపు తగ్గించే ఎలక్ట్రానిక్ మొదటి తెరతో తీయండి. పూర్తి ఎలక్ట్రానిక్ షట్టరు పెట్టి చవక ఎల్ఈడీ వాడితే అడ్డ పట్టీలు పడతాయి.

మీ నేపథ్యపు సన్నగీతలు: అది సెన్సరు మీది దుమ్ము, హాట్ పిక్సెళ్లు (ఎప్పుడూ వెలుగుతూ ఉండే చుక్కలు). సాఫ్ట్‌వేర్ ప్రతి ఫ్రేమునీ కొద్దికొద్దిగా సైజు మార్చి అమర్చుతుంది కదా, కదలని మచ్చ అలా జరిగి జరిగి గీత అవుతుంది. గీతలన్నీ బొమ్మ మధ్య నుంచి బయటికి విరజిమ్మినట్టు ఉంటే ఇదే. సెన్సరు శుభ్రం చేసి, కనీస ఐఎస్ఓలో తీసి, రైలు సరిగా ఉంటే అమరికలో రొటేషన్ ఆపేయండి.

పిక్సెల్‌పంతులు:
స్టాక్ చేసే పద్ధతి గురించి ఒక మాట. స్టాకింగ్ సాఫ్ట్‌వేర్లు తీసుకుంటే, జెరీన్‌లో పీమ్యాక్స్, హెలికాన్‌లో సీ పద్ధతి ఒకదాని మీద ఒకటి దాటే వెంట్రుకల్ని బాగా విడదీస్తాయి, కానీ నాయిస్‌నీ కాంట్రాస్ట్‌నీ పెంచుతాయి, పెంకు రంగు గరుకుగా తయారవుతుంది. డీమ్యాప్, బీ పద్ధతి రంగునీ నునుపునీ కాపాడతాయి, వెంట్రుకల చుట్టూ మాత్రం మసక వలయాలు వదులుతాయి. రెండూ చేయండి. నునుపైన పెంకు, కన్ను, నేపథ్యం డీమ్యాప్‌లోంచి, వెంట్రుకలూ మీసాలూ పీమ్యాక్స్‌లోంచి రీటచ్ కుంచెతో తెచ్చుకోండి. తొమ్మిది బొమ్మలకీ ఒకే పద్ధతి అంటే కుదరదు.

ఇంకా పెద్ద ప్రింటు కావాలంటే ముక్కలుగా తీసి అతకడమే. పక్కపక్క ముక్కలు 25 నుంచి 30 శాతం కలవాలి, ఒక్కో ముక్కనీ విడిగా స్టాక్ చేశాకే అతకాలి. ఫొటోగ్రాఫర్ లెవాన్ బిస్ 2016లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో పెట్టిన బొమ్మలు ఇలాంటివే. 10ఎక్స్ ఆబ్జెక్టివ్, పురుగుని ముప్ఫై ముక్కల వరకు విడగొట్టడం, ఒక్కో ముక్కకి వేరే వెలుగు, మొత్తం ఎనిమిది వేల పైచిలుకు ఫ్రేములు. మూడు మీటర్ల ప్రింటు కూడా దగ్గరికెళ్లి చూడగలిగేలా వచ్చిందంటే కారణం అది.

నల్లతుమ్మెద:
ఆ ముక్కలకి విడివిడిగా వెలుగు పెట్టడమన్నదే అసలు కిటుకు. మీసానికి పనికొచ్చే వెలుగు పెంకుకి పనికిరాదు.

మైక్రాన్‌మనిషి:
అవును, తెల్ల మచ్చల సమస్య అక్కడే ఉంది. కీటకం పెంకు ఒక వంపు అద్దం. దానిలో దీపమే కనిపిస్తుంది. కాబట్టి దీపాన్ని తగ్గించడం కాదు, పెద్దది చేయాలి. ట్రేసింగ్ పేపరుని 4 లేదా 5 సెం.మీ. వ్యాసంతో గొట్టంలా చుట్టి పురుగు చుట్టూ నిలబెట్టండి, ఆబ్జెక్టివ్ మూతి అందులోకి దిగాలి. దానికి పది సెం.మీ. దూరంలో రెండు మూడు ఫ్లాష్‌లు. ఫ్లాష్‌కీ గొట్టానికీ మధ్య ఇంకో పొర కాగితం పెడితే వెలుగు ఇంకా మెత్తబడుతుంది. తెల్ల పింగ్‌పాంగ్ బంతి సగం కోసి బోర్లించినా బాగుంటుంది.

కానీ అన్ని వైపులా సమానంగా వెలుగు పడితే బొమ్మ చప్పబడిపోతుంది. ఒక పక్క పొరలు తగ్గించండి, లేదా ఎదురు పక్కన గొట్టం లోపల సన్నటి నల్లకాగితం పట్టీ పెట్టండి. ఆ నల్లపట్టీ పెంకులో ప్రతిబింబించి వంపుని చూపిస్తుంది. మెరిసే పురుగులకి ఇంతకు మించిన మంత్రం లేదు.

క్రాస్ పోలరైజేషన్‌తో (దీపం ముందూ లెన్సు ముందూ ఒకదానికొకటి లంబంగా పోలరైజర్లు పెట్టి) మెరుపు పూర్తిగా చంపొచ్చు, మట్టి రంగు పెంకులకి బాగుంటుంది. స్కారబ్ పెంకుపురుగులకి మాత్రం జాగ్రత్త. వాటిలో కొన్ని జాతుల పెంకు వృత్తాకార ధ్రువణ కాంతిని వెనక్కి పంపుతుంది, భౌతిక శాస్త్రవేత్త మైకెల్సన్ 1911లోనే గమనించిన సంగతి. కాబట్టి క్రాస్ పోలరైజేషన్‌లో కూడా వాటి మెరుపు పూర్తిగా పోదు.

స్లైడుపెట్టె:
ఇప్పటిదాకా అంతా పైనుంచి వెలుగు గురించే మాట్లాడారు. ఈగ తొండం, శ్వాసరంధ్రం, వాయునాళాలు, తేనెటీగ ముల్లు లాంటి వాటి అందం కింద నుంచి వెలుగు పంపితేనే బయటపడుతుంది. అంబర్ రంగులో, తెల్ల నేపథ్యంలో, వాటిలోని గీతల నైపుణ్యం ఇంకో రకం. ఈగ తొండం చివరి మెత్త మీది సన్న గొట్టాలు రెండు వైపులా విసనకర్రలా విచ్చుకుంటాయి, ఒక్కో గొట్టంలో ఉంగరాలు లెక్కపెట్టవచ్చు. విక్టోరియా కాలంలో ఆబ్జెక్టివ్‌ల నాణ్యత పరీక్షించడానికి ఈ స్లైడే వాడేవారు.

తయారీ: 100 మి.లీ. నీళ్లలో 10 గ్రాముల కాస్టిక్ పొటాష్. పొటాష్‌నే నీళ్లలో కొంచెం కొంచెంగా వేయాలి, నీళ్లు దాని మీద పోయకూడదు. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి, అల్యూమినియం గిన్నె వద్దే వద్దు. ఈగ తల గది వేడిలో 12 నుంచి 24 గంటలు. లోపలి కండ కరిగి, కుంచెతో మెల్లగా నొక్కితే మురికినీరులా బయటికొస్తుంది. ఎక్కువసేపు ఉంచితే ముళ్లవెంట్రుకలు రాలి పొరలు పీలికలవుతాయి, కాబట్టి ఎనిమిదో గంట నుంచే చూస్తూ ఉండండి. తీశాక నీళ్లు, తర్వాత రెండు మూడు చుక్కల ఎసిటిక్ ఆమ్లం కలిపిన నీళ్లు, మళ్లీ నీళ్లు.

భంగిమ ఈ దశలోనే. రెండు స్లైడ్‌ల మధ్య పెట్టి దారంతో కట్టి తొండం విప్పారేలా ఒత్తండి, అలాగే ఆల్కహాల్‌లోకి. గట్టిపడ్డాక విప్పితే విరుగుతుంది. ఆల్కహాల్ 50, 70, 90, 100 శాతం, ఒక్కోదానిలో పావుగంట నుంచి అరగంట. ఆ తర్వాత లవంగ నూనెలో పారదర్శకమయ్యేదాకా, చివరికి కెనడా బాల్సమ్‌లో, పైన 0.17 మి.మీ. కవర్‌స్లిప్.

స్లైడులో పాల లాంటి మబ్బు కమ్మితే నీళ్లు పూర్తిగా పోలేదన్నమాట. మళ్లీ లవంగ నూనె నుంచి వెనక్కి, 100 శాతం ఆల్కహాల్‌కి వెళ్లాలి. వాయునాళాల్లో వెండిలా మెరిసేది గాలి. తొండంలో గాలి మిగిలితే నల్లటి పట్టీలా కనిపించి బొమ్మ చెడిపోతుంది, ఆల్కహాల్‌లో ఉన్నప్పుడే చిన్న వాక్యూమ్ సిరంజితో తీసేయండి. బాల్సమ్ ఆరడానికి వారాలు పడుతుంది, 40 డిగ్రీల దగ్గర ఉంచితే కాస్త తొందరగా. పూర్తిగా ఆరకుండా స్టాక్ మొదలుపెడితే నమూనా తేలుతూ జరుగుతుంది.

రెక్కలగూడు:
స్లైడుపెట్టె గారూ, తెల్ల నేపథ్యం బొమ్మలూ నల్ల నేపథ్యం బొమ్మలూ ఒకే సెట్టులో కలపొచ్చా?

స్లైడుపెట్టె:
కలపకపోవడమే నయం. తొమ్మిదిలో మూడు తెల్లవైతే కన్ను వాటి మీదికే పోతుంది. కింద వెలుగు బొమ్మలు విడిగా ఇంకో వరస చేయండి. లేదా డార్క్‌ఫీల్డ్‌లో తీయండి. కండెన్సరు (కింది వెలుగుని స్లైడు మీదికి పోగుచేసే లెన్సు) మధ్యలో నల్ల బిళ్ల పెడితే అదే తొండం నల్లటి నేపథ్యంలో మెరుస్తుంది. కాకపోతే డార్క్‌ఫీల్డ్‌లో స్లైడు మీది ప్రతి దుమ్ము నక్షత్రమే.

చట్రం:
నల్ల నేపథ్యమే ఎందుకు అందరికీ? గోడ మీద నల్ల బొమ్మ అద్దం ముందు నిలబడితే చూసేవాడి ముఖం కనిపిస్తుంది, పురుగు కాదు. నా ఓటు బూడిద రంగుకి. పురుగుకి 3 నుంచి 5 సెం.మీ. వెనక కాగితం పెట్టి, దాని మీద వెలుగు కాస్త తగ్గేలా చూస్తే ఒక పక్క లేతగా, ఒక పక్క చిక్కగా సహజంగా వస్తుంది. నల్ల మీసం బూడిద మీద తెలుస్తుంది, తెల్ల నూగూ తెలుస్తుంది.

పిక్సెల్‌పంతులు:
ఒప్పుకోను. మెరిసే పెంకుకి నల్లే కావాలి, లోహపు ఆకుపచ్చకి పక్కన బూడిద పెడితే ఆ రంగు పలచబడుతుంది. చిక్కు నల్లలో కాదు, కాగితంలో ఉంది. కాటన్ మ్యాట్ కాగితం నల్లసాంద్రత (నలుపు ఎంత చిక్కగా పడుతుందో చెప్పే అంకె) 1.6, 1.7 దగ్గర ఆగిపోతుంది. బేరియం పూత ఉన్న బరైటా కాగితం 2.3 దాటుతుంది. రెక్కలగూడు గారి మీసాలు కలిసిపోయింది బహుశా మ్యాట్ మీదే.

రెక్కలగూడు:
అవునండీ, మ్యాట్ కాటన్ 300 జీఎస్ఎం.

పిక్సెల్‌పంతులు:
అయితే రెండు దారులు. బరైటాకి మారడం ఒకటి. మ్యాటే ఉండాలనుకుంటే నీడల్ని పైకి లేపడం రెండోది. సున్నా నుంచి 30 దాకా ఆర్‌జీబీ విలువల్ని రెండేసి చొప్పున మెట్లుగా ఒక చిన్న పట్టీ వేయించండి. ఏ మెట్టు నుంచి తేడా కనిపిస్తుందో, నేపథ్యాన్ని అక్కడ ఉంచి, మీసాల నీడల్ని దానికి ఎనిమిది పది విలువల పైన పెట్టండి.

స్క్రీన్ వెలుతురు కూడా చూసుకోండి. 200, 250 క్యాండెలాల స్క్రీన్ మీద సర్దిన బొమ్మ ప్రింటులో చీకటే. 80 నుంచి 120 మధ్య ఉంచి, ఆ కాగితం ఐసీసీ ప్రొఫైల్‌తో (దాని రంగుల వివరాల ఫైలు) సాఫ్ట్ ప్రూఫ్ చేయండి, అంటే ప్రింటు ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూసుకోండి. మోర్ఫో నీలం, పెంకుపురుగుల లోహపు ఆకుపచ్చ చాలా కాగితాల రంగు పరిధి దాటిపోతాయి. అలా దాటితే రంగు ఒకే మచ్చలా అతుక్కుపోయి పొలుసు గీతలు మాయమవుతాయి. సాచురేషన్ కాస్త తగ్గించి గీతల్ని కాపాడుకోండి, గోడ మీద కన్ను చూసేది గీతల్నే. ఫైలు 16 బిట్ టిఫ్, ప్రింటు సైజుకి మార్చాక చివర్లో మాత్రమే షార్పెనింగ్.

పిగ్మెంట్ ఇంకు ప్రింటుని వెంటనే ఫ్రేములో బిగించొద్దు. ఒక రోజైనా, బరైటా అయితే రెండు రోజులు, పైన సాదా కాగితం పరిచి ఆరనివ్వండి. ఇంకులోని ద్రావణులు ఆవిరై అద్దం లోపలి వైపు పొగమంచులా పేరుకుంటాయి.

చట్రం:
అద్దం, అక్రిలిక్ ప్రశ్నకి వస్తాను. మామూలు గాజు ఒక్కో ముఖం నుంచి 4 శాతం, రెండూ కలిపి 8 శాతం వెలుగు వెనక్కి కొడుతుంది. నల్ల బొమ్మ ముందు ఆ 8 శాతమే మిమ్మల్ని చూపించే దర్పణం. యాంటీ రిఫ్లెక్షన్ పూత ఉన్న అద్దం దాన్ని ఒక శాతం లోపుకి తెస్తుంది. పొడవు 60 సెం.మీ. దాటిన తొమ్మిది ఫ్రేములకి గాజు బరువే, పగిలితే ప్రింటుని కోస్తుంది. 3 మి.మీ. అక్రిలిక్, యూవీ ఆపేది, యాంటీ రిఫ్లెక్షన్ పూతతో దొరికితే అదే మేలు. అక్రిలిక్ వేడికి పెరుగుతుంది, ఫ్రేము గాడిలో అన్ని పక్కలా కలిపి 3 మి.మీ. వదులు ఉంచాలి, లేకపోతే విల్లులా వంగుతుంది. గుడ్డతో పొడిగా తుడిస్తే స్థిర విద్యుత్తు పుట్టి దుమ్ము లాక్కుంటుంది, యాంటీ స్టాటిక్ కుంచె వాడండి. నల్ల బొమ్మ మీద ఒక్క నూలుపోగు అయినా ఇంటికొచ్చినవాళ్ల కంట పడుతుంది. ఫ్రేములోకి ఎక్కించే ముందు పక్క నుంచి టార్చ్ పట్టి చూడండి.

ప్రింటు అద్దానికి తగలకూడదు. తగిలితే తేమ రోజుల్లో అతుక్కుని, మెరిసే మరకలు పడతాయి. మధ్యలో మౌంట్ బోర్డు కిటికీ (బొమ్మ మేరకి నడుమ కోసిన మందపాటి అట్ట), అది వద్దనుకుంటే అంచుల్లో స్పేసర్. 24 అంగుళాలకి 1.5 మి.మీ. బోర్డు పలచనగా కనిపిస్తుంది, 3 మి.మీ. మందం వేస్తే కిటికీ అంచు నీడ పురుగు చుట్టూ లోతు తెస్తుంది. బోర్డు, వెనక అట్ట రెండూ ఆమ్లరహితమైనవే. లేకపోతే కొన్నేళ్లకి కోసిన అంచు పసుపు పచ్చబడి ప్రింటు మీదికి దిగుతుంది.

అందరూ చేసే పొరపాటు: ప్రింటుని నాలుగు వైపులా టేపుతో బిగించడం. కాగితం తేమకి పెరుగుతుంది, దారి లేక అలలు తేలుతుంది. పై అంచుకి రెండు చోట్ల జపాన్ కాగితం పట్టీలు, గోధుమ గంజి జిగురు, అంతే. కింద వదిలేయాలి. వెనక వైపు బ్రౌన్ కాగితం సీలు, కింది మూలలకి చిన్న రబ్బరు బుడిపెలు. అవి గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడనిస్తాయి. రెండు హుక్కులు వాడితే పక్కకి ఒరగదు. బయటి గోడ, తడి ఊరే గోడ, ఎండ పడే గోడ... మూడూ వద్దు.

ప్రింటు ముఖానికి అక్రిలిక్‌నే జిగురుతో అతికించే పద్ధతి నల్లని బాగా చిక్కగా చూపిస్తుంది. ఒకసారి అతికాక ఊడదు, దుమ్ము మధ్యలో పడితే ఇక ఆ ప్రింటు పోయినట్టే.

రెక్కలగూడు:
సెట్టు మొత్తానికి ఒకే మాగ్నిఫికేషన్ ఉంచాలా? పొలుసులు 20ఎక్స్, తల 4ఎక్స్ అంటే వరస కుదురుతుందా?

మైక్రాన్‌మనిషి:
ముందుగా, ఆబ్జెక్టివ్ మీది అంకెని బొమ్మ కింద రాయొద్దు, గోడ మీద దానికి అర్థం లేదు. ప్రింటు వెడల్పుని తీసిన ప్రాంతం వెడల్పుతో భాగించాలి. 24 అంగుళాల కాగితంలో అంచులు పోను 3.6 మి.మీ. ప్రాంతం 540 మి.మీ. బొమ్మ అయితే 150 రెట్లు. తొమ్మిదింటిలో ఐదో ఆరో 150 రెట్లలోనే ఉంచగలిగితే ఎంత బాగుంటుందో! తేనెటీగ వెనక కాలి పుప్పొడి బుట్ట, లోపలి వైపు దువ్వెన వరసలు, ఈగ పాదం, దోమ కన్ను పక్కపక్కనే నిజమైన పోలికలో కనిపిస్తాయి. పొలుసుల్ని కూడా 150లో ఉంచొచ్చు. ఒక్కో పొలుసు పొడవు సుమారు 0.1 నుంచి 0.2 మి.మీ. కాబట్టి ప్రింటులో 15 నుంచి 30 మి.మీ. వస్తుంది. ఇళ్ల కప్పు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కమ్ముకున్న వరసలు ఆ సైజులోనే అందం. 20ఎక్స్ అసలు అక్కర్లేకుండా పోతుంది.

నల్లతుమ్మెద:
తల మొత్తం పెడితే కొందరికి ఒళ్లు జలదరిస్తుంది, ఇంట్లో ఉండేది మీరొక్కరే కాదు. కన్ను, రెక్క కీలు, పాదం, మీసం లాంటి విడి భాగాల్ని ఎక్కువగా, తలల్ని ఒకటి రెండుకి తగ్గించండి. తేనెటీగ వెనక రెక్క ముందంచులో కొక్కేల వరస ఉంటుంది, ముందు రెక్క మడతకి అవే పట్టుకుని ఎగిరేటప్పుడు రెండు రెక్కల్ని ఒకటి చేస్తాయి. అంత చక్కటి బొమ్మ చాలామంది తీయనే తీయరు.

పిక్సెల్‌పంతులు:
కింద మూలన స్కేలు గీత ఒకటి. 150 రెట్లలో 0.5 మి.మీ. అంటే ప్రింటు మీద 75 మి.మీ. గీత మందం 1 మి.మీ., నేపథ్యం కన్నా కొంచెం లేత రంగు. స్టాక్ సాఫ్ట్‌వేర్ ఫ్రేముల సైజు సర్దుతుంది కాబట్టి స్కేలుని అంచనాతో గీయొద్దు. 0.01 మి.మీ. గీతలున్న స్టేజ్ మైక్రోమీటరుని అదే అమరికలో ఒక ఫ్రేము తీసి దాన్నుంచి కొలవండి. సాఫ్ట్‌వేర్ ఒక ఫ్రేముని ఆధారంగా తీసుకుని మిగతావాటి సైజు సర్దుతుంది, మైక్రోమీటరు ఫొటోకి సరిపోయేది ఆ ఫ్రేమే.

చట్రం:
పేరు చీటీ బొమ్మ మీద వద్దు, మౌంట్ బోర్డు కింది పట్టీ మీద పెన్సిలుతో. అందుకే కింది పట్టీని పైదాని కన్నా 10 నుంచి 15 మి.మీ. వెడల్పు ఎక్కువ పెట్టించండి. జాతి పేరు, భాగం, రెట్లు. తొమ్మిదీ మూడు వరసలుగా వేలాడదీస్తే ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య 5 సెం.మీ., మధ్య వరస నడుమ నేల నుంచి 145, 150 సెం.మీ. ఎత్తులో. కానీ 24 అంగుళాలవి మూడు వరసలంటే పై వరస తల ఎత్తి చూడాల్సి వస్తుంది, దగ్గరగా చూడాల్సిన బొమ్మలకి అది అన్యాయం. గోడ పొడవు ఉంటే ఐదు, నాలుగుగా రెండు వరసలే చేయండి. పైన పెంకుపురుగు లాంటి పెద్ద ఆకారాలు, కింద పొలుసులు, కొక్కేలు.